ఏడో మలుపులో గుమ్మడికాయ

ట్రాఫిక్ ఇంజనీర్ ఉద్యోగం గురించి ముందే ఒక మాట చెప్పేస్తాను. పని సరిగ్గా చేస్తే మనమెవరో ఎవరికీ తెలియదు. ఎర్ర లైటు దగ్గర అర నిమిషం ఎక్కువ నిలబెట్టామో, ఊరు ఊరంతా మన వంశాన్ని తలుచుకుంటుంది. డాలస్‌కి ఉత్తరాన, ప్లేనో పక్కనే ఉన్న ఒక సిటీలో ఇరవై ఆరేళ్ళు అలా తిట్లు తిని రిటైరయ్యాను.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఇంటికొస్తే, "ఆంటీ, మీ కెరీర్‌లో బిగ్గెస్ట్ ప్రాజెక్ట్ ఏంటి?" అని అడుగుతుంటారు. ఏదో ఫ్లైఓవర్ పేరు చెప్పి తప్పించుకునేదాన్ని. అసలు సంగతి ఒక బూడిద గుమ్మడికాయ. ఇవాళ చెప్పేస్తాను. పెన్షన్ మొదలైపోయింది, ఇక నన్నెవరూ ఏమీ చేయలేరు.

రెండు వేల పది దాటిన రోజులవి. పెద్ద పెద్ద సైకిల్ రేసులు అంతవరకు యూరప్‌లో పాత ఊళ్ళ మధ్య, కొండల మీద జరిగేవి. అలాంటిది డబ్బున్న కొత్త దేశాలన్నీ, పెళ్ళికి సన్నాయి మేళాన్ని పిలిచినట్టు, ఆ రేసుల్ని పిలుచుకోవడం మొదలుపెట్టాయి. ఎడారి దేశాలు పిలిచాయి, తూర్పు దేశాలు పిలిచాయి. మా సిటీలో కంపెనీల హెడ్‌క్వార్టర్స్ బోలెడు. మేమేం తక్కువ తిన్నామా, మేమూ పిలిచాం. వారం రోజుల రేసులో ఒక రోజు పోటీ మా ఊళ్ళో ముగుస్తుంది. దక్షిణం నుంచి వచ్చి, మా వీధుల్లో ఐదు చుట్లు తిరిగి, సిటీ హాల్ ముందు ఆగుతారు.

మా ఊళ్ళో సైకిల్ ఎక్కేవాళ్ళెవరు? ఆరో ఇంటికి పేరంటానికి వెళ్ళాలన్నా కారు తీసే జనం మేము.

దారి చూడటానికి రేసు వాళ్ళు యూరప్ నుంచి ఒక ఇన్‌స్పెక్టర్‌ని పంపారు. అరవై దగ్గర పడిన మనిషి, కుర్రతనంలో తనూ రేసులు తొక్కాడట. భుజంలో రెండు స్టీలు మేకులున్నాయని వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పేవాడు. కారు వద్దని చుట్టు మొత్తం నడిచాడు, పక్కన నేను. దారిలో రెండు పోలీస్ కార్లు ఆగి, "మీ కారేమైనా ఆగిపోయిందా?" అని అడిగాయి. మా ఊళ్ళో నడిచే మనిషంటే ఏదో ఆపదలో ఉన్నట్టే.

ఏడో మలుపు దగ్గర ఆయన ఆగిపోయాడు. ఆరు లేన్ల రోడ్డు మీద శరవేగంతో వచ్చి, ఒక్కసారిగా కుడికి తిరిగి ఇళ్ళ మధ్య చిన్న వీధిలోకి దూరాలి. పైగా మలుపులో మందంగా తెల్ల రంగు చారలు, మనుషులు రోడ్డు దాటేందుకు. ఆ చారల మీద సైకిల్ టైరు సబ్బు మీద కాలేసినట్టు జారుతుంది.

"ఇక్కడ పడతారు. ఈ మలుపు తీసేయాలి," అన్నాడు.

ఆ మలుపు తీసేస్తే చుట్టే లేదు. చుట్టు లేకపోతే రేసు మా ఊళ్ళోకి రాదు, హైవే మీద చెయ్యి ఊపి వెళ్ళిపోతుంది. ఆయన అక్కడితో ఆగలేదు. చుట్టూ ఉన్న ఖాళీ పేవ్‌మెంట్లు చూసి, "పోయిన నెల ఒక ఎడారి దేశంలో ఉన్నాను. మా కోసమే కొత్త రోడ్డు వేశారు, బ్రహ్మాండంగా ఉంది. చూడటానికి ఒక ఒంటె కూడా రాలేదు. ఇక్కడా అంతేలా ఉంది," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నా రోడ్డుని ఒక మాట, నా ఊరిని ఒక మాట! మర్నాటి మీటింగ్‌లో సిటీ మేనేజర్ ముందు, పాతికమంది ముందు లేచి నిలబడ్డాను. "ఏడో మలుపు నాకొదిలేయండి. రేసు రోజున అక్కడ ఒక్క మనిషి పడినా సోమవారం పొద్దున నా రాజీనామా మీ టేబుల్ మీద ఉంటుంది" అన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటితో నేను ఇన్నాళ్ళు ఒకే ఊళ్ళో ఉద్యోగం చేయడమే విశేషం. ఇన్‌స్పెక్టర్ జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఆ మాట రాసుకున్నాడు. సిటీ మేనేజర్ నవ్వాడు గానీ, వద్దులెండి అనలేదు.

అప్పటికి మా అమ్మాయి కాలేజీలో రెండో ఏడు. ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, తింటున్న చెయ్యి ఆపి, "రాజీనామా అన్నావా, లేక అలాంటిదేదైనా అన్నావా?" అని అడిగాడు.

ఇప్పుడు మా స్ట్రీట్ సూపరింటెండెంట్ గురించి చెప్పాలి. రోడ్డు వేసే ముఠా మొత్తానికి ఆయనే పెద్ద. టెక్సస్ మనిషి, టోపీ తీయగా ఎవరూ చూడలేదు. పదకొండేళ్ళుగా మా ఇద్దరికీ పడేది కాదు. నేను పంపిన డ్రాయింగ్ మీద కాఫీ కప్పు పెట్టి, ఆ గుండ్రటి మరకతో సహా వెనక్కి పంపేవాడు. నేను ఆ మరకకి కొలతలు వేసి, "ఈ రౌండ్‌అబౌట్ ఎక్కడ కట్టాలి?" అని రాసి మళ్ళీ పంపేదాన్ని. అలాంటి మనిషి మూడు ఆదివారాలు వచ్చి ఆ మలుపులో రంగంతా గీకించి, కొత్త తారు వేయించాడు. చివరి రోజు మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో రోడ్డు నిమిరాడు.

"మ్యామ్, దీని మీద మా మనవరాలు కళ్ళు మూసుకుని తొక్కుతుంది," అన్నాడు. పదకొండేళ్ళలో ఆయన నాతో అన్న మొదటి మంచి మాట అది.

అక్కడి నుంచి మొదలైంది పొగడ్తల వరద. లోకల్ పేపర్లో మలుపు మీద మా ఇద్దరి ఫోటో వేశారు. ఇండియన్ స్టోర్‌లో కూరగాయలు ఏరుకుంటుంటే, "మేడమ్, ఏడో మలుపు మీదేనటగా!" అన్నారు. ఊళ్ళో కళ్ళన్నీ ఆ మూల మీదే. ఇక చూడండి. బుధవారం అక్కడి సిగ్నల్ పెట్టె కాలిపోయింది. గురువారం వాటర్ పైపు ఒకటి చెమర్చింది. శుక్రవారం సరిగ్గా ఆ మలుపులోనే నా కారు టైరు పంక్చరైంది.

నేను ఇంజనీర్ని. ప్రమాదాల లెక్కల మీదే మాస్టర్స్ చేశాను. అయినా టైరు పక్కన నిలబడి ఉండగా నాకు తెలిసిపోయింది. దిష్టి!

అమెరికా రాకముందు నేను మన వైపు రెండేళ్ళు రోడ్ల పని చూశాను. ఏ కల్వర్టు తెరిచినా ముందు గుమ్మడికాయ కొట్టాల్సిందే. ఒక్కదానికి మాత్రం కొట్టలేదు, అది మొదటి వానకే కొట్టుకుపోయింది. కాంట్రాక్టరు సిమెంటు సరిగ్గా వేయలేదని తరవాత తేలిందనుకోండి, అది వేరే సంగతి.

శనివారం రేసు. మా ఆయన కంపెనీ పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. ఇక నేనే ప్లాన్ వేశాను. రైడర్లు మా మలుపుకి మూడింటికి వస్తారు. రెండున్నరకి రోడ్డు ఊడ్చే స్వీపర్ ట్రక్ ఆఖరిసారి చుట్టు తిరుగుతుంది. రెండూ ఇరవైకి నేను కాయ కొట్టేస్తే, పది నిమిషాల్లో ట్రక్ వచ్చి గింజతో సహా పీల్చుకుపోతుంది. దిష్టీ పోతుంది, సాక్ష్యమూ పోతుంది. ఎంత చక్కటి ప్లానో చూడండి.

మలుపు దగ్గర జెండా, ఈల పట్టుకుని ఒక వాలంటీర్ అమ్మాయి ఉంది. వరంగల్ పిల్ల, ఇక్కడి యూనివర్సిటీలో ఎం.ఎస్. చేస్తోంది. నారింజ రంగు జాకెట్ మోకాళ్ళ దాకా వచ్చింది. నేను సంచిలోంచి గుమ్మడికాయ తీసి, పైన చిల్లు పెట్టి, పసుపు కుంకుమ కూరి, కర్పూరం వెలిగించేసరికి దాని కళ్ళు ఇంతయ్యాయి.

"ఆంటీ, గిదేంది? గిప్పుడా?"

"నువ్వు అటు తిరుగు. నువ్వేం చూడలేదు."

"నేనెందుకు తిరుగుత? మంచిగ కొట్టుండ్రి, ఒక్క దెబ్బకే పగలాలె!"

మూడుసార్లు తిప్పాను. అంచున కొడదామనే అనుకున్నాను, నిజం. కానీ ఇన్నాళ్ళ ఉద్యోగం, ఆ నోట్‌బుక్, రాజీనామా అన్నీ కలిసి చేతుల్లోకి వచ్చేశాయి. ఎత్తి కొట్టాను. కాయ ఎగిరి సరిగ్గా మలుపు నడుమ పడింది. రైడర్లు వంగి తిరిగే గీత మీద పడి, తొమ్మిది చెక్కలై, గుజ్జంతా అటు కాలవ దాకా ఇటు కాలవ దాకా పరుచుకుంది. అబ్బ, ఏం పగిలిందండీ! ఒక్క క్షణం పాటు ఒళ్ళంతా తేలికైపోయింది.

మూలింటి వాకిట్లోంచి కేక వినబడింది. ఆ ఇంటావిడది గుంటూరు. అంతకు ముందు వారమే, "శనివారం మా ఇంట్లో వ్రతం, పాతికమంది భోజనాలకొస్తారు, కార్లు మా నెత్తిన పెట్టుకోమంటావా?" అని నాతో యుద్ధం చేసింది.

"ఏమ్మా ఇంజనీరూ! ఆడవాళ్ళు గుమ్మడికాయ కొట్టకూడదమ్మా!"

"కొట్టాక చెబితే ఏం లాభం పిన్నిగారూ!"

నా నడుముకున్న రేడియో అప్పుడే గరగరమంది. దక్షిణపు గాలి వెనకనుంచి తోస్తోందట. రేసు ఇరవై నిమిషాలు ముందుంది. రెండూ నలభైకే ఏడో మలుపు. రోడ్డు ఇప్పటినుంచే మూసేశాం. ఇక ఏ బండీ ఎక్కకూడదు. స్వీపర్ ట్రక్ రద్దు.

టైము చూసుకున్నాను. రెండూ ఇరవై మూడు.

మన ఊళ్ళలో ఆయుధ పూజ మర్నాడు చౌరస్తాల్లో స్కూటర్లు ఎలా జారిపడతాయో చిన్నప్పటినుంచి చూసినదాన్ని. నూట పాతికమంది సన్నటి టైర్ల మీద వస్తున్నారు. ఎవరి కాలో, ఎవరి మెడో విరుగుతుంది, విరగ్గొట్టింది నేనవుతాను. ఉద్యోగం సంగతి నాకు ఆ నిమిషంలో గుర్తుకే రాలేదు. మోకాళ్ళ మీద పడి రెండు చేతులతో గుజ్జు తోయడం మొదలుపెట్టాను. ఎంత తోస్తే అంత పరుచుకుంటోంది. కుంకుమ కలిసి మలుపంతా ఎర్రగా తయారైంది.

ఎదురుగా రెండు బూట్లు వచ్చి ఆగాయి. సూపరింటెండెంట్.

"మ్యామ్, అదేమిటి?"

"కూరగాయ."

"ఎలా వచ్చింది?"

"నేనే కొట్టాను."

"ఎందుకు?"

"ఎవరూ పడకుండా."

ఆయన గుజ్జుని చూశాడు, నన్ను చూశాడు, టోపీ తీశాడు. జుట్టుందని ఆ రోజే తెలిసింది.

"పని చేస్తుందా?"

"తుడిచేస్తే చేస్తుంది."

అంతే, ఇంకో ప్రశ్న లేదు. బారికేడ్ అవతల ఆయన ట్రక్ ఉంది. దాన్ని రోడ్డెక్కించే వీల్లేదు గనక, తనే గంతేసి వెళ్ళి రెండు పారలు, రెండు పెద్ద చీపుర్లు తెచ్చాడు. వరంగల్ పిల్ల ఈల నోట్లో పెట్టుకుని మూలింటి వైపు తిరిగి ఊదింది చూడండి, చెవులు చిల్లులు పడ్డాయి. "బయటికి రాండ్రి! అందరు రాండ్రి! చీపుర్లు పట్టుకొని రాండ్రి!"

వచ్చారండీ! వ్రతానికొచ్చిన పాతికమందీ వచ్చారు. పట్టుచీరలు కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఇండియా నుంచి సూట్‌కేసుల్లో తెచ్చుకున్న కొబ్బరీనెల చీపుర్లతో ఆడవాళ్ళు. పారలు, తట్టలు, ఏది దొరికితే అది పట్టుకుని మగవాళ్ళు. గుంటూరు పిన్నిగారు తోట పైపు లాక్కొచ్చి, "జరగండి, జరగండి!" అంటూ అందరి కాళ్ళూ తడిపేసింది. నాకు చివర్లో ఒక అనుమానం వచ్చి, వాకిట్లో నిలబడ్డ పంతులుగారిని అడిగాను, దిష్టి కాయని ఇలా ఊడ్చేస్తే దోషమా అని. ఆయన పంచె ఎగ్గట్టి, "దోషం సంగతి తరవాత చూద్దామమ్మా, అదిగో ఆ మూల గింజలున్నాయి," అన్నాడు.

గుజ్జు పోయింది. ఇప్పుడు రోడ్డు తడి. తడి తారు మీద పడరా?

"బ్లోయర్లు!" అని అరిచాడు సూపరింటెండెంట్.

అమెరికాలో ప్రతి గరాజ్‌లోనూ ఆకులూదే మిషన్ ఒకటుంటుంది. పిన్నిగారి భర్త మొదలుపెట్టాడు. ఆ మోతకి ఏం మునిగిందోనని పక్కింటి తెల్లవాళ్ళు బయటికొచ్చారు, విషయం అడగకుండానే వెనక్కెళ్ళి తమవి తెచ్చారు. ఎదురింటి కొరియా ముసలాయన రెండు తెచ్చాడు, చేతికొకటి. ఏడెనిమిది బ్లోయర్లు ఒక్కసారి రొద పెడుతుంటే ఆ వీధి వీధంతా గుమ్మాల్లోకి, గుమ్మాల్లోంచి రోడ్డు మీదకి వచ్చేసింది. పైన టెక్సస్ ఎండ. ఇరవై ఏళ్ళు తిట్టుకున్న ఎండ అది. ఆ రోజు మాత్రం దానికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. తడి కళ్ళ ముందే ఆవిరైపోయింది.

"ఆంటీ, ఒస్తున్రు! జరుగుండ్రి, జరుగుండ్రి!"

ముందు మోటార్‌సైకిళ్ళ లైట్లు కనిపించాయి. అందరం బారికేడ్ వెనక్కి దూకాం. దూకాక చూశాను, మలుపు నడుమ ఒకే ఒక్క గింజ. తెల్లగా, నా వైపే చూస్తోంది. వెళ్ళబోతే సూపరింటెండెంట్ నా చెయ్యి పట్టి ఆపేశాడు.

ముందు నలుగురు వచ్చారు, ఆ వెనకే గుంపు. సైకిళ్ళకి చప్పుడుంటుందని నాకప్పటిదాకా తెలియదు. తేనెటీగల తుట్టె కదిలినట్టు ఒక హోరు, గాలి మొహానికి కొట్టింది, నూట పాతికమంది ఒకరి భుజం ఒకరికి తగిలేటంత దగ్గరగా వంగి, మా మలుపు తిరిగి, వెళ్ళిపోయారు. పది సెకన్లు పట్టిందేమో. గింజ కూడా లేదు, ఎవరి టైరుకో అంటుకుని పోయింది.

ఎవరూ పడలేదు.

తరవాత ఆ మూలలో లేచిన గోల ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పట్టుచీరల వాళ్ళు ఎగురుతున్నారు, కొరియా తాత రెండు బ్లోయర్లూ ఆకాశంలోకి ఊదుతున్నాడు, పంతులుగారు ఈల వేశారు! నేను సూపరింటెండెంట్‌ని కౌగిలించుకున్నాను. ఆయన షర్టు మీద రెండు ఎర్రటి చేతులు పడ్డాయి. ఇక ఎవరూ ఇళ్ళలోకి పోలేదు. కుర్చీలు తెచ్చుకున్నారు, పళ్ళాలు తెచ్చి మోగించారు. మిగతా నాలుగు చుట్లూ అదే జాతర. "దమ్ముండాలె! పోనీ, పోనీ!" అని మా వరంగల్ పిల్ల అరుస్తుంటే, చివరి చుట్టులో బాగా వెనకబడ్డ ఒక రైడర్ తల తిప్పి నవ్వాడు కూడా. ఐదు చుట్లలోనూ ఒక్క మనిషి పడలేదు.

గంట తరవాత ఇన్‌స్పెక్టర్ నడుచుకుంటూ వచ్చాడు. మలుపు మధ్యలో వంగి, వేలితో రోడ్డు ముట్టుకుని చూసుకున్నాడు. మరక ఇంకా ఉంది, కొంత ఎరుపు, కొంత పసుపు.

"ఇదేమిటి?"

నేను నోరు తెరిచేలోగా సూపరింటెండెంట్ అందుకున్నాడు. "యుటిలిటీ వాళ్ళ గుర్తులు సార్. ఎరుపు కరెంటు లైను, పసుపు గ్యాసు." అమెరికాలో రోడ్డు తవ్వే ముందు అలాగే రంగు వేస్తారు మరి. మొహంలో ఒక్క గీత కదలలేదు. షర్టు మీద మాత్రం నా పది వేళ్ళూ ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ కాలవలోంచి ఒక గుమ్మడి చెక్క తీసి మా ఇద్దరి మధ్యా పట్టుకున్నాడు. "ఇది కరెంటా, గ్యాసా?"

ఇక నా వల్ల కాలేదు. మొత్తం చెప్పేశాను. ఆయన నవ్వుతాడనుకున్నాను, లేదా నోట్‌బుక్ తీస్తాడనుకున్నాను. ఏమీ చేయకుండా అంతా విని, "దేన్నుంచి కాపాడుతుంది ఇది?" అని అడిగాడు.

"చూపు నుంచి. నలుగురూ చూసి మెచ్చుకుంటే తగులుతుంది."

ఆయన చుట్టూ చూశాడు. కుర్చీల్లో జనం ఇంకా కదల్లేదు, పిన్నిగారు అందరికీ ప్రసాదం పెడుతోంది.

"అయితే ఎడారిలో నాకు దీని అవసరం లేదు," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూసి నాకు పాపం అనిపించింది. పిన్నిగారు ఆయన చేతిలో ఆకు దొన్నె పెట్టింది. రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. వెళ్ళేముందు నోట్‌బుక్ తీసి, నా రాజీనామా రాసుకున్న కాగితం చింపి నాకిచ్చాడు. "ఇంకోసారి అంచున కొట్టండి, గంట ముందు," అన్నాడు.

రేసు మా ఊరికి మరో రెండేళ్ళు వచ్చింది. తరవాత స్పాన్సర్లు ఇంకో సంపన్న దేశం చూసుకున్నారు, రేసూ వాళ్ళ వెంటే వెళ్ళింది. ఆ మలుపులో ఇప్పుడు మళ్ళీ తెల్ల చారలు వేశారు. కార్లు మాత్రమే తిరుగుతాయి.

నేను రిటైరైన ఏడాది, పొద్దున కాఫీ తాగుతుంటే ఆ ఇన్‌స్పెక్టర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఫోటో ఒకటే. తళతళలాడే కొత్త రోడ్డు, వెనక అద్దాల మేడలు, రోడ్డు అంచున పగిలిన పుచ్చకాయ. బారికేడ్ వెనక నిండా జనం, నీలం రంగు పని బట్టల్లో. కింద ఇలా రాశాడు:

"ఇక్కడ ఎప్పుడూ ఎవరూ వచ్చేవారు కాదు. ఈ రోజు సెలవట, ఈ మేడలు కట్టేవాళ్ళంతా చూడటానికి వచ్చారు. జనం వచ్చారు గనక నాకు భయం వేసింది. మీ కాయ దొరకలేదు, ఇది కొట్టబోయాను. వాళ్ళలో ఒకతను బారికేడ్ దూకి వచ్చి, ముందు మూడుసార్లు తిప్పాలని నా చేతులు పట్టుకుని తిప్పించాడు. మీ భాషే అట. ఎవరూ పడలేదు."

కాఫీ చల్లారిపోయేదాకా ఆ ఫోటో చూస్తూ కూర్చున్నాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తరవాత దాన్ని మా సూపరింటెండెంట్‌కి పంపాను. ఆయనా రిటైరై ఎక్కడో చేపలు పట్టుకుంటున్నాడు. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది.

"మ్యామ్, ఆ ఎర్రది కరెంటు లైను. ఎవరడిగినా అదే చెప్పమనండి."